ముక్కు మొనదేలితే చాలదు

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున పెట్రోలు చుక్క తాగని కార్లు పరుగు పందెం పెట్టుకున్నాయి. ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్కు పక్కగా 2.83 కిలోమీటర్ల చుట్టు, 18 మలుపులు. ఫార్ములా ఈ అనే ప్రపంచ పోటీ మన దేశానికి రావడం అదే మొదటిసారి. ఫ్రాన్సు దేశస్థుడు ఝాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. షాబాద్‌లో మా ఇంట్లో పిల్లలు ఆ పందేన్ని ఫోనులో ఇప్పటికీ తిప్పి తిప్పి చూస్తుంటారు. చూసినప్పుడల్లా నాకో ప్రశ్న తప్పదు.

"తాతా, గీ కారు ముక్కు జూడు, ఎంత మొనదేలి ఉన్నదో. గాలిని చీల్చుకుంట పోతది, గందుకే గంత స్పీడు. అంతే గదా?"

"సగమే బిడ్డా."

"మరి తక్కిన సగం?"

తక్కిన సగం కారు వెనక భాగంలో ఉంది. దాని సంగతి చెప్పాలంటే ముందు ఇటలీలో టూరిన్ అనే ఊరికి పోవాలి. అక్కడ ఒక విచిత్రమైన కారు పుట్టింది. పేరు మాడ్యులో. ఎవరికీ అమ్మడానికి చేసింది కాదు. ఇట్లా కూడా ఉండొచ్చా అని అడిగి చూడడానికి చేసింది.

టూరిన్‌లో 1930లో బాటిస్టా ఫరీనా అనే ఆయన కారు శరీరాలు తయారుచేసే కొట్టు తెరిచాడు. ఇంజను ఒకరు, చక్రాలు ఒకరు, పైన తొడిగే రేకు వేరొకరు చేసే రోజులవి. మనిషి పొట్టి. అందుకని అందరూ ముద్దుగా పినిన్ అనేవాళ్లు. ఆ ముద్దుపేరు ఎంత స్థిరపడిందంటే, 1961లో ఇటలీ దేశాధ్యక్షుడి ఉత్తర్వుతో ఇంటిపేరే పినిన్‌ఫరీనా అయిపోయింది. ఫెరారీ కంపెనీ కార్లకు దశాబ్దాల పాటు రూపం ఇచ్చింది ఎక్కువగా ఈ ఇంటివాళ్లే. పెద్దాయన 1966లో పోయాడు. కొడుకు సెర్జియో పగ్గాలు పట్టాడు.

ఆ కొట్టులో పావ్‌లో మార్టిన్ అనే కుర్ర డిజైనర్ ఉండేవాడు. మామూలు కార్లకు గీతలు గీస్తూనే, తీరిక వేళల్లో తన మనసులో ఉన్న బండి ఒకటి గీసుకున్నాడు. గీయడంతో ఆగలేదు. పాలిస్టైరీన్ నురగ దిమ్మెలు చెక్కి అసలు సైజులోనే నమూనా నిలబెట్టాడు. పైవాళ్లకు మొదట అది రుచించలేదు. ఇదేం కారు, ఎవరు ఎక్కుతారు దీన్ని అనుకున్నారు. ఇంతలో ఫెరారీ నుంచి 512 ఎస్ అనే పందెపు కారు చట్రం ఒకటి చేతికొచ్చింది. అప్పటి నియమాల ప్రకారం ఆ రకం కార్లు కనీసం 25 చేసి చూపిస్తేనే పోటీల్లోకి రానిచ్చేవాళ్లు. లెక్క కోసం చేసిన వాటిలో ఒకటి ఇట్లా పినిన్‌ఫరీనా వాళ్ల పాలబడింది. దాని మీద మార్టిన్ ఊహను తొడిగారు.

1970 మార్చిలో జెనీవా మోటారు ప్రదర్శనలో గుడ్డ తీస్తే జనం నోళ్లు తెరిచారు. ఎత్తు 93.5 సెంటీమీటర్లు, అంటే మనిషి నడుము దాకా కూడా రాదు. కింద ఒక పెంకు, పైన ఒక పెంకు, రెండూ కలిసే చోట చుట్టూ ఒక గీత. నాలుగు చక్రాలూ సగం కప్పేశారు. తలుపులే లేవు. అద్దాలు, పైకప్పు అన్నీ కలిపి ఒకే మూత. అది పట్టాల మీద ముందుకు జరిగితే మనిషి లోపలికి దిగాలి. వెనక ఇంజను మూతకు 24 గుండ్రటి రంధ్రాలు. మొదట నల్ల రంగు వేశారు, తర్వాత తెల్లగా మార్చారు. అదే ఏడు జపాన్‌లో ఒసాకా ప్రపంచ ప్రదర్శనకూ వెళ్లింది. మొత్తం 22 డిజైన్ బహుమతులు తెచ్చుకుంది.

ఇందులో నాకు భలే నవ్వు తెప్పించే విషయం ఒకటుంది. ఆ ఇంజను గుల్ల. అయిదు లీటర్ల, పన్నెండు సిలిండర్ల ఇంజనే, పైనుంచి చూస్తే నిజమైనదే. లోపల తిరగాల్సిన సామాను మాత్రం లేదు. ప్రపంచంలోకెల్లా వేగంగా కనిపించే కారు, ఎవరో తోస్తే తప్ప కదలదు! నలభై ఏళ్లకు పైగా అట్లాగే ఉండిపోయింది. 2014లో జేమ్స్ గ్లికెన్‌హౌస్ అనే అమెరికా సినిమా దర్శకుడు, కార్ల పిచ్చాయన కొని, పట్టుబట్టి దాన్ని నడిచే బండిగా చేశాడు. 2019లో మొనాకో వీధుల్లో తిప్పుతుంటే సైలెన్సర్ దగ్గర నిప్పంటుకుంది. ఆర్పేశారు, బండి దక్కింది. నిలబెట్టి చూపించడానికి గీసిన ఒంట్లో నిజం ఇంజను వేడి పుట్టిస్తే ఇట్లాంటివి జరుగుతాయి. వేడికి కూడా దారి గీయాలి కదా.

ఆ కాలంలో ఇట్లా చెక్కముక్క చీల ఆకారంలో కార్లు గీయడం ఒక జ్వరం. దానికి ఆద్యుడు మార్చెల్లో గాందీని, బెర్తోనే అనే ఇంకో టూరిన్ కొట్టు డిజైనరు. మన గాంధీ గారికీ ఆయనకూ చుట్టరికమేం లేదు, పేరు అట్లా కుదిరింది. అంతకు ముందు ఆయన గీసిన లంబోర్గినీ మియూరా చూడముచ్చటైనదే కానీ, బాగా వేగం అందుకుంటే ముక్కు పైకి తేలేది. ముందు చక్రాల మీద బరువు తగ్గితే స్టీరింగు మాట వినదు. అందుకని 1968లో కారాబో అనే ప్రయోగపు కారును నేలకు అంటుకుపోయే వాలు ముక్కుతో గీశాడు. గాలి ఆ వాలు మీదుగా పోతూ ముక్కును కిందికి నొక్కుతుంది. తలుపులు రెక్కల్లా పక్కకు కాక నిటారుగా పైకి లేచే పద్ధతి కూడా ఆ కారుతోనే మొదలైంది. 1970లో ఆయనదే స్ట్రాటోస్ జీరో వచ్చింది, ఎత్తు 84 సెంటీమీటర్లు. 1971లో కౌంటాష్ నమూనా. పిల్లలు నోటుబుక్కు వెనక గీసే స్పోర్ట్స్ కారు బొమ్మ ఇప్పటికీ దాదాపు అదే.

చూశారా, చీల ఆకారం జవాబు చెప్పిన ప్రశ్న వేరు. ముక్కు తేలకుండా ఎట్లా? అందుకు అది పనికొచ్చింది. గాలి అడ్డు తగ్గించడం ఎట్లా అన్నది మరో ప్రశ్న. జనం, చాలామంది డిజైనర్లతో సహా, రెండింటినీ ఒకటే అనుకున్నారు. కంటికి కోసుగా కనబడితే గాలి కూడా తెగుతుందని నమ్మారు.

ఇక్కడ ఒక చిన్న ప్రయోగం. పెద్దవాళ్లెవరైనా పక్కన ఉన్నప్పుడే చేయండి. బల్ల మీద కొవ్వొత్తి వెలిగించండి. దాని ముందు ఒక గుండ్రటి సీసా నిలబెట్టండి. సీసాకు ఇవతల కూర్చుని, మంట ఎత్తులో గట్టిగా ఊదండి. సీసా అడ్డం ఉంది కదా, మంటకు గాలి ఎట్లా తగులుతుంది అనుకుంటారు. మంట ఆరిపోతుంది! ఇప్పుడు సీసా తీసేసి, అంతే వెడల్పున్న అట్టముక్క నిలబెట్టి మళ్లీ ఊదండి. ఈసారి మంట ఆరదు సరికదా, మీ వైపే వంగుతుంది.

మా చిన్నది మొదటిసారి ఇది చూసి, "తాతా, దీపం ఉల్టా పోతున్నది!" అని చప్పట్లు కొట్టింది.

జరిగిందేమిటంటే, సీసా గుండ్రంగా ఉంది కనక గాలి దాని ఒంటిని పట్టుకుని వెనక దాకా జారి, అక్కడ మళ్లీ కలిసింది. అట్టముక్క అంచు దగ్గర గాలికి పట్టు చిక్కలేదు. విడిపోయి పక్కలకు పోయింది. అట్ట వెనక ఒత్తిడి తగ్గిపోయి, సుడులు తిరిగే ఖాళీ లాంటిది ఏర్పడింది. మంటను అటు లాగింది ఆ తక్కువ ఒత్తిడే. కారు వెనక కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. ముందు గాలి నెడుతుంది, వెనక ఆ సుడులు గుంజుతాయి. చాలా కార్లకు ఎక్కువ దెబ్బ వెనక గుంజుడు వల్లే. ముక్కు ఎంత పదునుగా ఉన్నా, వెనక నరికేసినట్టు ఉండి గాలి ఎక్కడపడితే అక్కడ విడిపోతే, ఇంజను ఆ సుడులను కూడా వెంట ఈడ్చుకుంటూ పోవాలి.

నీళ్లలో చేపను చూడండి. తల మొద్దుగా, ఒళ్లు వెనక్కి పోను పోను సన్నబడుతూ ఉంటుంది. కొర్రమట్ట తలకు కోసు ఎక్కడిది? ధ్వని కంటే తక్కువ వేగంలో పోయే దేనికైనా గుండ్రటి ముక్కు, మెల్లగా సన్నబడే తోక ఉంటే మేలు. ధ్వని వేగం దాటే యుద్ధ విమానాలకు, తూటాలకు లెక్క మారుతుంది. సూది ముక్కు అక్కడ అవసరం. మనవాళ్లు జెట్ విమానాన్ని చూసి కారు గీశారు. ధ్వని వేగం గంటకు 1,200 కిలోమీటర్లకు పైమాట. చేవెళ్ల రోడ్డు మీద ఆ బెంగ ఎవరికీ అక్కర్లేదు.

గాలి అడ్డు ఎంత అని కొలవడానికి ఇంజనీర్లు ఒక అంకె వాడతారు, డ్రాగ్ గుణకం అని. తక్కువ ఉంటే మంచిది. చూడగానే బాణం వదిలినట్టుండే కౌంటాష్‌కు అది సుమారు 0.42. ఈనాటి మామూలు ఇంటి కార్లు, ఏ అలంకారమూ లేనివి, 0.30కి అటూ ఇటూ ఉంటాయి! వెడల్పు టైర్లు, గాలి పీల్చే గొట్టాలు, నరికిన వెనక భాగం, అన్నీ కలిసి కౌంటాష్ కొంప ముంచాయి.

ఈ అంకెలు ఎందుకు పట్టించుకోవాలో మన బోరు మోటార్ల భాషలో చెబుతాను. ఒక మామూలు కారు, గుణకం 0.30, ముందు నుంచి చూస్తే 2 చదరపు మీటర్ల అడ్డం ఉందనుకుందాం. 50 కిలోమీటర్ల వేగంలో గాలిని నెట్టడానికే దానికి సుమారు 1.3 హార్స్‌పవర్ చాలు. వేగం 100 చేస్తే రెట్టింపు అవుతుందా? ఎనిమిదింతలు అవుతుంది, పది హార్స్‌పవర్ దాటుతుంది, అంటే అయిదు హెచ్‌పీ మోటార్లు రెండు. 200 చేస్తే మళ్లీ ఎనిమిదింతలు, 80 దాటుతుంది. పదహారు, పదిహేడు బోర్లు ఒక్కసారి నడిపినట్టు. గాలి బలం వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని నెట్టే శక్తి ఘనంతో పెరుగుతుంది. మొయినాబాద్ దాటాక మర్రిచెట్ల రోడ్డు మీద కారును 60లో పోనిస్తే మైలేజీ ఎక్కువ, అవుటర్ రింగు రోడ్డు మీద 120లో తోలితే పెట్రోలు ముల్లు పడిపోవడం ఇందుకే.

మళ్లీ టూరిన్‌కు పోదాం. మాడ్యులో చూపించింది 1970లో. పినిన్‌ఫరీనా వాళ్లు అసలు సైజు కారును నిలబెట్టి గాలి వదిలే సొరంగం తెరిచింది 1972లో, టూరిన్ పక్కనే గ్రుల్యాస్కోలో. ఆ వరసే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. మొదట కన్ను చెప్పింది, గాలిని తర్వాత అడిగారు. సొరంగంలో పెద్ద పంకాలు తిరుగుతుంటే, సన్నని పొగ వదిలి అది కారు ఒంటి మీద ఎక్కడి దాకా అంటుకుని పోతుందో, ఎక్కడ విడిపోతుందో చూస్తారు. పైకి కొవ్వొత్తి ప్రయోగం కంటే గంభీరంగా ఉంటుంది కానీ, అడిగే ప్రశ్న అదే.

1973లో అరబ్బు దేశాలు నూనె బిగించాయి. పెట్రోలు ధర మండిపోయింది. అప్పుడు కన్నుకు నచ్చడం కాస్త వెనక్కి పోయి, గాలికి నచ్చడం ముందుకొచ్చింది. ఇటలీ జాతీయ పరిశోధన మండలి డబ్బు పెట్టింది. టూరిన్ పాలిటెక్నిక్ ఆచార్యుడు అల్బెర్తో మోరెల్లి లెక్కలు వేశాడు. 1978లో పినిన్‌ఫరీనా ఒక ఆదర్శ ఆకారం చెక్కి చూపించింది. దాని డ్రాగ్ గుణకం 0.2 కంటే బాగా తక్కువ. దాన్ని చూసినవాళ్లు అరటిపండు కారు అని పేరు పెట్టారు. ముక్కు గుండ్రంగా, ఒళ్లు ఉబ్బెత్తుగా, వెనక సన్నబడుతూ, మొత్తం కాస్త వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు కూడా ఊరికే పెట్టలేదు, కారును గాలి పైకి ఎత్తకుండా చేసే ఉపాయం. ముక్కు తేలకుండా చూడడమూ, గాలి అడ్డు తగ్గించడమూ రెండూ ఒక్క ఆకారంలో కుదిరాయి. ఒక్క కోసు గీత లేదు.

మాడ్యులోకు 22 బహుమతులు వచ్చాయి. ఈ అరటిపండు బొమ్మ ఎవరి గోడ మీదా కనబడదు. నాకు మాత్రం ఇదే పెద్ద ప్రయోగం అనిపిస్తుంది. అట్లాగని మాడ్యులోను తక్కువ చేయను. అది అంత గట్టిగా తప్పో ఒప్పో చెప్పకపోతే, పరీక్షించాలన్న పట్టుదల ఎవరికి పుట్టేది?

పెద్దోడు ఇక్కడ అడ్డు తగిలాడు. "గంత పొడుగు తోక పెడితే కారు ఆటోల మధ్యల ఎట్ల తిరుగుతది తాతా?"

మంచి ప్రశ్న. దీనికి జర్మనీలో వూనిబాల్డ్ కామ్ అనే ఆచార్యుడు 1930లలోనే జవాబు వెతికాడు. తోకను మెల్లగా సన్నబరుస్తూ పోయి, గాలి ఇంకా ఒంటిని వదలకముందే ఒక చోట నిటారుగా నరికేస్తే, పూర్తి తోకకు దగ్గరి ఫలితమే వస్తుంది. టొయోటా ప్రియస్ కారు వెనక పైకప్పు వాలుగా దిగి, ఉన్నట్టుండి తెగిపోయినట్టు ఉంటుంది కదా, అది ఆయన చలవే. నరకడంలో తప్పు లేదు, ఎక్కడ నరకాలో తెలియాలి.

ఇప్పుడు టూరిన్ కథ మన దగ్గరికి ఎట్లా వచ్చిందో వినండి. 2015 డిసెంబరులో మహీంద్రా వాళ్లు పినిన్‌ఫరీనాను కొనడానికి ఒప్పందం రాసుకున్నారు. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారుచేసే మహీంద్రాయే! మాడ్యులోను గీసిన ఇల్లూ, మన పత్తి చేలు దున్నే ట్రాక్టరూ ఇప్పుడు ఒకే యజమాని చేతిలో ఉన్నాయి. ఈ సంగతి చెబితే పక్కింటి రైతు నమ్మలేదు. ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "మరి దీనికెందుకు పెట్టలేదు గంత ముక్కు?" అన్నాడు. సాలులో గంటకు అయిదారు కిలోమీటర్లు పోయే బండికి గాలి ఏం చేస్తుంది? దానికి మట్టి అడ్డు, గాలి కాదు.

ఆ పినిన్‌ఫరీనా పేరు మీదే 2019 జెనీవా ప్రదర్శనలో బాటిస్టా అనే విద్యుత్ కారు వచ్చింది. పెద్దాయన పేరే. నాలుగు చక్రాలకు నాలుగు మోటార్లు, మొత్తం 1,900 హార్స్‌పవర్, 120 యూనిట్ల బ్యాటరీ. నిలబడ్డ చోటు నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి రెండు సెకన్లు పట్టదు. చేసేది 150 కార్లే. హైదరాబాద్ రేసు రోజుల్లో ఆ కారు మన నగరానికి కూడా వచ్చింది. ఫొటోలు చూడండి. చీల ఆకారం లేదు. ముక్కు మెత్తగా, ఒళ్లు వంపులు తిరిగి ఉంటుంది. మాడ్యులో పుట్టిన ఇంట్లోనే గీతలు గుండ్రంగా మారాయి.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన కార్ల సంగతి? అవి మూడో తరం ఫార్ములా ఈ బళ్లు. ముక్కు కోసుగా, మొత్తం త్రికోణంగా, యుద్ధ విమానం చూసి గీసినట్టే ఉంటాయి. నా అభిప్రాయంలో అందులో కొంత కంటి కోసమే. చక్రాలు కొంత బయటే ఉంటాయి, గిరగిర తిరిగే చక్రం గాలిని ఎంత చెడగొడుతుందో చెప్పక్కర్లేదు. ఆ కారులో అసలు వింత ఆకారంలో లేదు, బ్రేకుల్లో ఉంది. వెనక చక్రాలకు నూనె ఒత్తిడితో పట్టే మామూలు బ్రేకులు లేకుండానే దాన్ని రూపొందించారు. మోటారే బ్రేకు. కరెంటు ఇస్తే మోటారు చక్రాన్ని తిప్పుతుంది. చక్రం మోటారును తిప్పితే అదే జనరేటరై కరెంటు పుట్టిస్తుంది, ఆ పనిలో చక్రం నెమ్మదిస్తుంది. ముందు మోటారు 250, వెనక మోటారు 350, రెండూ కలిసి 600 కిలోవాట్ల దాకా శక్తిని బ్యాటరీలోకి వెనక్కి తోయగలవు. పందెంలో వాడే శక్తిలో 40 శాతానికి పైగా ఇట్లా బ్రేకు మీదనే రాబట్టుకోవచ్చని చేసినవాళ్ల లెక్క. పద్దెనిమిది మలుపుల దారిలో ఎన్నిసార్లు బ్రేకు నొక్కాలో ఆలోచించండి. 2024లో రావలసిన రెండో రేసు రద్దయింది కానీ, ఆ కిటుకు మన దగ్గరే ఉండిపోయింది.

ఎక్కడంటారా? మన షాబాద్ మండలంలోనే. సీతారాంపూర్‌లో ఒలెక్ట్రా వాళ్లు 150 ఎకరాల్లో విద్యుత్ బస్సుల ఫ్యాక్టరీ పెట్టారు. ఆ బస్సుకు ముందు భాగం గోడలా ఉంటుంది. మా పెద్దోడికి అది నామోషీ. "గాలి గురించి గింత చెప్పినవ్, మన బస్సుకే ముక్కు లేదు" అంటాడు.

కాగితం తీసి లెక్క వేయించాను. మనుషులతో కలిపి 16 టన్నుల బస్సు 45 కిలోమీటర్ల వేగంలో పోతోంది. దాని పరుగులో ఉన్న శక్తి సుమారు 12.5 లక్షల జౌళ్లు, అంటే యూనిట్‌లో మూడో వంతు. మెహదీపట్నంలో స్టాపు వచ్చి మామూలు బ్రేకు వేస్తే అదంతా వేడై గాలిలో కలిసిపోతుంది. ఆ వేగంలో అంత పెద్ద బస్సు కిలోమీటరు పోవడానికి గాలిని నెట్టే ఖర్చు సుమారు నాలుగున్నర లక్షల జౌళ్లు. ఒక్క స్టాపులో పోగొట్టుకునేది, దాదాపు మూడు కిలోమీటర్ల గాలితో సమానం. నగరంలో స్టాపులు అరకిలోమీటరుకో, కిలోమీటరుకో ఒకటి. ముక్కు చెక్కి మిగిల్చుకునేది ఏపాటి? మోటారును బ్రేకుగా వాడి, ప్రతి స్టాపులో కొంత వెనక్కి తెచ్చుకోవడంలోనే లాభం. పైగా ముక్కు చెక్కితే ముందు రెండు సీట్లు పోతాయి.

"అయితే గా రేసు కారూ, మన బస్సూ ఒకటే బ్రేకా?" అన్నాడు పెద్దోడు.

"సూత్రం ఒకటే. బస్సుకు మామూలు బ్రేకులు కూడా ఉంటాయనుకో."

వాడు కాసేపు కాగితం వైపు చూసి, 45 కొట్టేసి 90 వేసి మళ్లీ మొదలుపెట్టాడు. హైవే మీద బస్సుకు, స్టాపులు దూరమైతే, గాలి గెలుస్తుందా స్టాపు గెలుస్తుందా అని. ఆ లెక్క నేను చెప్పలేదు. మీరూ వేసి చూడండి, స్టాపుల మధ్య దూరం 30 కిలోమీటర్లు అనుకోండి.